స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ బూజు పట్టకుండా నిలవ ఉంచడం: విజయవాడ, గుంటూరు వంటిళ్ళకు సమగ్ర మార్గదర్శి

"డబ్బా తెచ్చి ఫ్రిజ్‌లోనే పెట్టాం, మూడో రోజుకే బూజు పట్టింది. ఎక్కడ తేడా వచ్చింది?" చలికాలం స్ట్రాబెర్రీలు దిగిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. ఇళ్ళల్లోవాళ్ళే కాదు, ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్ళు, జ్యూస్ షాపులవాళ్ళు కూడా అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకేచోట, చేయాల్సిన వరుసలోనే రాస్తున్నాను.

ముందు ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో చూద్దాం. మంచి పండు కొని, కింద చెప్పినట్టు చేస్తే ఇంటి ఫ్రిజ్‌లో సుమారుగా ఇన్ని రోజులు ఉంటాయి:

- స్ట్రాబెర్రీ: 4 నుంచి 6 రోజులు
- బ్లూబెర్రీ: 10 నుంచి 14 రోజులు
- రాస్ప్‌బెర్రీ: 2 నుంచి 3 రోజులు
- మల్బరీ: 2 రోజులు. అంతకు మించి ఆశపడొద్దు

మహాబలేశ్వరం నుంచి వచ్చినా, లంబసింగి నుంచి వచ్చినా, పండు మన చేతికి అందేసరికే కోసి ఒకటి రెండు రోజులు అయి ఉంటుంది. లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

## 1. పండును పాడు చేసేవి ఏమిటి?

కోసిన తర్వాత కూడా పండు ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ ఊపిరి ఎంత వేగంగా సాగితే అంత త్వరగా మెత్తబడుతుంది. స్ట్రాబెర్రీ 0 డిగ్రీల దగ్గర తీసే ఊపిరికి 20 డిగ్రీల దగ్గర దాదాపు ఎనిమిది, పది రెట్లు ఎక్కువ తీస్తుంది. మన ఊళ్ళో జనవరి మధ్యాహ్నం కూడా 30 డిగ్రీలు ఉంటుంది కదా! బల్ల మీద రెండు గంటలు వదిలేసిన డబ్బా, ఫ్రిజ్‌లో ఉండగలిగిన ఒక రోజును అక్కడే పోగొట్టుకున్నట్టు.

ఇక బూజు. స్ట్రాబెర్రీ మీద బూడిద రంగులో నూగులా వచ్చేది బొట్రైటిస్ అనే శిలీంధ్రం. ఇది చాలాసార్లు తోటలోనే పండుకు అంటుకుని వస్తుంది. 0 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి చలి దీన్ని ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. పొడుగాటి తెల్లటి దారాలతో, రసం కారుస్తూ వచ్చే రైజోపస్ అనే రకం మాత్రం 5 డిగ్రీల లోపు దాదాపు ఆగిపోతుంది.

మూడోది తేమ. ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. పండు చుట్టూ ఉన్న గాలిలో తేమ బాగా ఉండాలి, 90 నుంచి 95 శాతం వరకు. లేకపోతే ముడతలు పడుతుంది. కానీ పండు ఒంటి మీద నీటి చుక్క ఉండకూడదు. ఉంటే బూజు మొలకెత్తుతుంది. గాలి తేమగా, పండు పొడిగా, చలి తెగకుండా. కింద చెప్పే పనులన్నీ ఈ మూడింటి కోసమే.

## 2. పండు కొనకముందే ఫ్రిజ్ సంగతి చూసుకోండి

చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ లోపల ఎన్ని డిగ్రీలు ఉందో ఎవరికీ తెలియదు. నాబ్ 3 మీద ఉందంటే 3 డిగ్రీలు అనుకునేవాళ్ళున్నారు. ఆ అంకె డిగ్రీలు కాదు, చలి స్థాయి మాత్రమే.

తేమ, వేడి రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి కొనండి. కొన్నాక రెండు పరీక్షలు చేయండి.

వేడి పరీక్ష: గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేలా నీళ్ళు పోసి కలపండి. మీటర్‌కు వైరు ఉంటే దాని కొన ముంచండి. వైరు లేకపోతే మీటర్‌ను జిప్ కవర్లో పెట్టి ముంచండి. అంకె నిలకడ పడ్డాక 0 చూపించాలి. 1 చూపిస్తే మీ మీటర్ ఒక డిగ్రీ ఎక్కువ చెబుతోందని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

తేమ పరీక్ష: సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేవరకు నీటి చుక్కలు కలపండి. దాన్ని, మీటర్‌ను కలిపి గాలి చొరబడని డబ్బాలో పెట్టి, గది వేడిలోనే రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత సవరించుకోండి.

ఇప్పుడు ఫ్రిజ్‌లో చోటు వెతకాలి. గ్లాసు నీళ్ళలో వైరు కొన వేసి ఒక్కో అరలో ఒక్కో రాత్రి ఉంచండి. తలుపు తీసినప్పుడల్లా గాలి వేడి మారిపోతుంది, నీళ్ళు అంత త్వరగా మారవు. అందుకే నీళ్ళలో పెట్టి చూడమంటున్నాను.

మనకు కావాల్సింది 1 నుంచి 3 డిగ్రీలు ఉండే చోటు. పైన ఫ్రీజర్ ఉన్న సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో సాధారణంగా ఫ్రీజర్ కిందున్న చిల్లర్ ట్రే దీనికి దగ్గరగా ఉంటుంది. డబుల్ డోర్‌లో చల్లగాలి వచ్చే రంధ్రాల అర చల్లగా ఉంటుంది కానీ, ఆ రంధ్రాలకు ఎదురుగా డబ్బా పెట్టొద్దు. స్ట్రాబెర్రీ సున్నాకు ఒక డిగ్రీ కిందకు పోయేలోపే గడ్డకడుతుంది.

కింద ఉండే కూరగాయల ట్రేలో పళ్ళు పెట్టడం అందరికీ అలవాటు. చాలా ఫ్రిజ్‌లలో మిగతా అరలకంటే అక్కడే చలి తక్కువ. పచ్చిమిరపకాయలకు, వంకాయలకు అది చాలు. బెర్రీలకు చాలదు. తలుపు అరలైతే అసలే వద్దు.

నాబ్ మార్చిన తర్వాత ఒక రోజు ఆగి మళ్ళీ చూడండి. వెంటవెంటనే తిప్పుతూ పోతే ఏ అంకెనూ నమ్మలేరు.

## 3. కొనేటప్పుడు

- డబ్బాను తిరగేసి అడుగు చూడండి. పైన పేర్చినవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. అడుగున ఎర్రటి రసం మరక ఉంటే వదిలేయండి.
- తొడిమ దగ్గర రేకులు పచ్చగా, నిటారుగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగి ముడుచుకుంటే పండు పాతది.
- తొడిమ చుట్టూ తెల్లగా ఉన్న పండును "రెండు రోజుల్లో మాగుతుందిలే" అని తీసుకోకండి. స్ట్రాబెర్రీ కోసిన తర్వాత మాగదు. రంగు కాస్త ముదరవచ్చు గానీ తీపి పెరగదు.
- బ్లూబెర్రీ మీద తెల్లటి పొడిలాంటి పొర ఉండాలి. అది మందు కాదు, పండు సహజంగా పెట్టుకున్న మైనం. తుడిచేయకండి, పండులోని నీరు పోకుండా కాపాడేది అదే.
- బ్లూబెర్రీ డబ్బాను మెల్లగా ఊపితే పళ్ళు విడివిడిగా దొర్లాలి. ముద్దగా కదిలితే లోపల ఏదో చితికింది.

వీలైతే పొద్దున్నే కొనండి. ఎండలో తోపుడుబండి మీద మధ్యాహ్నం దాకా ఉన్న డబ్బాను సాయంత్రం సగం ధరకు ఇచ్చినా, అది ఆ రాత్రికి జ్యూస్ చేసుకోవడానికే.

## 4. ఇంటికి తెచ్చే దారిలో

బజారు పనులన్నీ అయ్యాక, చివరగా పళ్ళు కొనండి. బండి డిక్కీలో పెట్టొద్దు, లోపల కాగిపోతుంది. విజయవాడలో కొని గుంటూరు దాకా తీసుకెళ్ళేవాళ్ళు చిన్న థర్మకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్ వేసి, దాని మీద మందపాటి గుడ్డ పరిచి, ఆపైన డబ్బాలు పెట్టుకోండి. విడి ఐసు వద్దు. కరిగిన నీళ్ళు డబ్బాలోకి దిగితే ఇక మిగతా అంచెలు ఎంత జాగ్రత్తగా చేసినా అంతే.

## 5. ఏరడం

ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని ఇదే. వెడల్పాటి పళ్ళెంలో తెల్లటి నూలు గుడ్డ పరిచి, డబ్బాను వంపకుండా పళ్ళను ఒక్కొక్కటిగా తీసి పెట్టండి. మూడు రకాలుగా విడదీయాలి.

గట్టిగా, పొడిగా, దెబ్బ లేకుండా ఉన్నవి నిలవకు. సొట్టపడినవి, బాగా పండినవి ఆ రోజే తినడానికి. బూజు కనిపించినవి, మెత్తగా కారుతున్నవి చెత్తబుట్టకు. బూజు ఉన్నచోటు కోసేసి మిగతాది తినడం మెత్తటి పళ్ళ విషయంలో పనికిరాదు, లోపల ఎంతవరకు పాకిందో కంటికి కనిపించదు.

బూజు పట్టిన పండుకు ఆనుకుని ఉన్నవాటిని కూడా నిలవలో కలపకండి. గట్టిగా, శుభ్రంగా ఉంటే కడిగి ఆ పూటే తినేయండి, ఏమాత్రం మెత్తబడినా పారేయండి. ఈ బూజు ఒక పండు నుంచి పక్కదానికి తాకిడితోనే అంటుకుంటుంది. ఒక్క పండు వల్ల డబ్బా అంతా పోయేది ఇందుకే.

తొడిమలు తీయకండి. తీసినచోట పండు తెరుచుకుంటుంది, రసం, బూజు రెండింటికీ దారి దొరుకుతుంది.

## 6. కడగాలా, వద్దా?

నా మాట: మామూలుగా అయితే కడక్కండి. తినే ముందు, తినేవాటి వరకే కడగండి. పండు రాగానే కుళాయి కింద పెట్టకపోతే మనసు ఒప్పదని నాకు తెలుసు. కానీ స్ట్రాబెర్రీ తొడిమ రేకుల కింద దాక్కున్న నీరు గంటైనా ఆరదు. పైన తుడిస్తే పొడిగానే కనిపిస్తుంది. రేకు ఎత్తి చూడండి, అడుగున సన్నటి నీటి గీత మెరుస్తూ ఉంటుంది. బూజు తరచుగా మొదలయ్యే చోట్లలో అదొకటి.

ముందే కడగాల్సిన అవసరం ఉంటే రెండు పద్ధతులున్నాయి.

వెనిగర్ నీళ్ళు. ఒక వంతు తెల్ల వెనిగర్, మూడు వంతుల నీళ్ళు. రెండు మూడు నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి ఆరబెట్టాలి. పండు పైన ఉన్న సూక్ష్మజీవులు తగ్గుతాయి, లోపలికి దిగిన బూజును ఇది ఏమీ చేయలేదు. సరిగా ఆరబెట్టకపోతే కడగకుండా పెట్టినవాటికంటే ముందే పాడవుతాయి.

వేడినీళ్ళ ముంపు. వినగానే భయం వేస్తుంది కానీ బాగా పనిచేసేది ఇదే. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీలకు 52 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు. బ్లూబెర్రీ 60 డిగ్రీల దాకా, అంతే సేపు తట్టుకుంటుంది. పెద్ద గిన్నె నిండా నీళ్ళు తీసుకుని, చిల్లుల గిన్నెలో కొద్దికొద్దిగా ముంచండి. చిన్న గిన్నెలో ఎక్కువ పళ్ళు వేస్తే నీళ్ళు ఒక్కసారిగా చల్లబడి ఫలితం ఉండదు. థర్మామీటర్ లేకుండా, వేలు పెట్టి చూసి అంచనాతో చేయొద్దు. వేడి ఎక్కువైతే పండు ఉడుకుతుంది.

ఏ పద్ధతి అయినా ఆరబెట్టడం తప్పదు. నూలు గుడ్డ మీద ఒకే వరుసలో, ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్యాను కింద పెట్టండి. వానాకాలం ఉక్కలో ఫ్యాను గాలి చాలదు, ఏసీ గది ఉంటే అక్కడ పెట్టండి. ఆరిందో లేదో చూడటానికి టిష్యూ కాగితం ముక్కను రేకుల కింద ఒత్తండి. కాగితం తడవకపోతేనే తర్వాతి అంచెకు వెళ్ళండి.

## 7. డబ్బాలో సర్దడం

పండు వేడిగా ఉండగా మూత పెట్టేస్తే లోపలే చెమరుస్తుంది. కాబట్టి ముందు పళ్ళెంతో సహా, మూత లేకుండా, ఫ్రిజ్‌లో ఒక గంట చల్లారనివ్వండి. అప్పుడు సర్దండి.

1. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న డబ్బా తీసుకోండి. పొడిగా ఉండాలి.
2. అడుగున టిష్యూ కాగితం రెండు మడతలు వేయండి. న్యూస్‌పేపర్ వద్దు, ఆ సిరా తిండికి తగలకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా హెచ్చరించింది.
3. స్ట్రాబెర్రీ ఒకే వరుస. చోటు లేకపోతే మధ్యలో టిష్యూ వేసి రెండో వరుస. మూడో వరుస పెడితే అడుగువి చితుకుతాయి. రాస్ప్‌బెర్రీకి ఒక్క వరుసే.
4. బ్లూబెర్రీని వచ్చిన చిల్లుల డబ్బాలోనే ఉంచొచ్చు, చితికినవి తీసేస్తే చాలు.
5. పైన ఇంకో టిష్యూ వేసి మూత వదులుగా పెట్టండి. బిగించొద్దు, అలాగని తెరిచీ ఉంచొద్దు.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో గాలి బాగా పొడిగా ఉంటుంది. మూత లేకుండా పెడితే రెండు రోజుల్లో పండు మెరుపు పోయి ముడతలు పడుతుంది. వదులు మూత ఉంటే పండు వదిలే తేమే లోపల నిలిచి, మనకు కావాల్సిన తేమ అదే ఏర్పడుతుంది. మిగులు నీటిని టిష్యూ పీల్చుకుంటుంది.

గాజు సీసాలో బిగించి పెడితే వారాల తరబడి ఉంటాయని వీడియోలు తిరుగుతున్నాయి. పూర్తిగా పొడిగా ఉన్న బ్లూబెర్రీ కొన్నాళ్ళు ఉండొచ్చు. స్ట్రాబెర్రీ మాత్రం గాలి ఆడని సీసాలో పులిసిన వాసన పట్టేస్తుంది.

ఫ్రిజ్‌లో పెట్టేముందు చూసుకోండి:

☐ చోటు 1–3 డిగ్రీలు ఉందా?
☐ పండు పొడిగా ఉందా, రేకుల కింద కూడా?
☐ తొడిమలు అలాగే ఉన్నాయా?
☐ టిష్యూ కింద, పైన వేశారా?
☐ డబ్బా వెనక గోడకు తగలకుండా ఉందా?
☐ అదే అరలో మాగిన అరటి, మామిడి, కోసిన ఉల్లిపాయ లేవు కదా? మాగే పళ్ళు వదిలే ఎథిలిన్ వాయువు స్ట్రాబెర్రీ మీద బూజుకు ఊతమిస్తుంది. ఉల్లి వాసన సరేసరి.
☐ మూత మీద తేదీ రాశారా?

## 8. రోజూ రెండు నిమిషాలు

పొద్దున పాలు తీసేటప్పుడే డబ్బా ఒకసారి చూడండి. మెత్తబడినది తీసేయండి, టిష్యూ తడిస్తే మార్చండి.

కావాల్సినన్ని పళ్ళు గిన్నెలోకి తీసుకుని డబ్బాను వెంటనే లోపల పెట్టేయండి. 3 డిగ్రీల పండు మన ఊరి గాలి తగలగానే, చల్లటి నీళ్ళు పోసిన స్టీలు గ్లాసులా చెమరుస్తుంది. ఆ చెమటతోనే మళ్ళీ ఫ్రిజ్‌లో పెడితే మీరు కడిగి ఆరబెట్టకుండా పెట్టినట్టే. డబ్బాను భోజనాల బల్ల మీద పెట్టుకుని, తిన్నన్ని తిని మిగిలినవి తిరిగి పెట్టడం మానుకుంటే చాలు, రోజు రెండు రోజులు కలిసొస్తాయి.

## 9. తేడా వస్తే

మూత లోపల నీటి బొట్లు. పండు చల్లారకముందే మూత పెట్టారు, లేదా డబ్బా తరచూ బయటికి వస్తోంది. మూత తుడిచి, టిష్యూలు మార్చి, ఒక గంట మూత లేకుండా ఫ్రిజ్‌లోనే ఉంచండి.

ముడతలు, మెరుపు పోవడం. గాలి పొడిగా ఉంది. మూత కాస్త దగ్గరగా పెట్టండి. ముడతపడ్డ పండు మళ్ళీ నిగనిగలాడదు, మిల్క్‌షేక్‌కు వాడేయండి.

గాజులా మారి నీరు కారడం. గడ్డకట్టి కరిగింది. చోటు మార్చండి, నాబ్ ఒక అంకె తగ్గించండి. కానీ కొన్ని ఫ్రిజ్‌లలో నాబ్ తీరు వేరుగా ఉంటుంది, ముందు మాన్యువల్ చూడండి.

పులిసిన వాసన. మూత బిగుతుగా ఉంది, లేదా పండు పనైపోయింది. పారేయడమే.

అన్నీ సరిగ్గా చేసినా రెండో రోజే బూజు. కొన్నచోటే పండు వేడికి దెబ్బతిని వచ్చింది. ఇంట్లో చేసే ఏ పనీ దాన్ని వెనక్కి తేలేదు. కొట్టు మార్చండి.

## 10. కరెంటు పోతే

తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగా ఉంటుంది. ఫ్రీజర్ నిండుగా ఉంటే రెండు రోజులు, సగం ఉంటే ఒక రోజు నిలుస్తుంది. అందుకే ఫ్రీజర్లో ఖాళీ ఉన్నచోట నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఉంచండి. పైన కొంచెం ఖాళీ వదిలి నింపండి, లేకపోతే సీసా పగులుతుంది. కోత ఎక్కువసేపు ఉంటుందని తెలిస్తే వాటిలో ఒకటి తీసి బెర్రీల పక్కన పెట్టొచ్చు. సీసా కింద పళ్ళెం పెట్టడం మరవకండి.

## 11. షాపులవాళ్ళకు రెండు మాటలు

కూల్‌డ్రింకుల గాజు తలుపు ఫ్రిజ్‌లో ఫ్యాను గాలి ఎక్కువ, తలుపు తెరుచుకోవడం అంతకంటే ఎక్కువ. అమ్మకానికి పూటకు సరిపడా మాత్రమే అందులో పెట్టి, సరుకంతా వేరే ఫ్రిజ్‌లో ఉంచుకోండి. ముందొచ్చిన డబ్బా ముందు పోవాలి.

"మనకు తెలిసినవాళ్ళ కోల్డ్ స్టోరేజీ ఉంది, అక్కడ పెట్టమంటారా?" అని గుంటూరు నుంచి అడుగుతుంటారు. మిర్చి పెట్టే కోల్డ్ స్టోరేజీల సంగతైతే వద్దు. మిర్చికి పొడి గాలి కావాలి, లేకపోతే కాయ బూజు పడుతుంది. బెర్రీకి సరిగ్గా దానికి వ్యతిరేకం. పైగా ఆ ఘాటు పక్కన స్ట్రాబెర్రీ పెడితే కేకు ఎవరు తింటారు?

పెద్ద వ్యాపారాల్లో డబ్బాల చుట్టూ ప్లాస్టిక్ కప్పి, లోపల కార్బన్ డయాక్సైడ్ 10 నుంచి 15 శాతం ఉండేలా గాలి నింపి దూరాలకు పంపుతారు. దాంతో బూజు బాగా నెమ్మదిస్తుంది. అది చూసి మూసిన పెట్టెలో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వేసే ప్రయత్నం చేయకండి. శాతం మన చేతిలో ఉండదు, ఎక్కువైతే పండు రుచి చెడుతుంది. మూసిన గదిలో ఆ వాయువు నిండితే మనిషికే ప్రమాదం, బిగించిన పెట్టె పేలే అవకాశమూ ఉంది.

## 12. తినలేమనుకుంటే ఫ్రీజర్‌కు

మూడో రోజుకల్లా తేల్చుకోండి. పాడయ్యేవాటిని కాపాడటానికి కాదు, బాగున్నవాటిని దాచడానికి ఫ్రీజర్ వాడాలి.

కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఇప్పుడు తొడిమలు తీయండి. పళ్ళెంలో తగలకుండా పరిచి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచండి. గట్టిపడ్డాక జిప్ కవర్లో వేసి గాలి నొక్కేసి మూయండి. నేరుగా కవర్లో వేస్తే అంతా ఒకే గడ్డవుతుంది. మైనస్ 18 దగ్గర ఎనిమిది నెలలు బాగుంటాయి. కరిగాక మెత్తబడతాయి కాబట్టి కోసి అలంకరణకు పనికిరావు. గడ్డగా ఉన్నప్పుడే మిక్సీలో వేయండి.

## 13. మన నేరేడు సంగతి

జూన్, జులైలో ఇవే ప్రశ్నలు నేరేడు గురించి వస్తాయి. బయట ఒకటి రెండు రోజులే. చెట్టు దులిపి ఏరినవి చితికి ఉంటాయి, చేత్తో కోసినవి అడిగి తీసుకోండి. ఏరి, కడక్కుండా, చిల్లులు పెట్టిన కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటాయి. వీటికి కూరగాయల ట్రే సరిపోతుంది. అడుగున టిష్యూ వేయండి, రంగు కారితే ట్రేకి పట్టిన మరక ఒక పట్టాన వదలదు.